గుర్రం కూడా వాడే

ఈ సాయంత్రం దీపం పెట్టి వచ్చేసరికి టీవీలో ఒక పెద్ద నటుడి ఇంటర్వ్యూ వస్తోంది. యాభై ఏళ్లుగా నటిస్తున్న మనిషి. తొలినాళ్ల సినిమా ఒకదానిలో గుర్రం ఎక్కడానికి తాను వణికిపోయిన సంగతి ఆయన ఎంత బాగా చెప్పారంటే, నేను నిలబడే విన్నాను.

ఆ సినిమా నేను తెర మీద కన్నా ముందు మా తమ్ముడి నోట చూశాను. మా చిన్నతనంలో కలకత్తా మెటియాబ్రుజ్‌లో తెలుగు సినిమాలు ఆడేవి కావు. వాడు నాన్న వెంట ఖరగ్‌పూర్ వెళ్లి చూసి వచ్చి, మేముండే ఓడరేవు డాక్ క్వార్టర్స్ మెట్ల మీద అందరికీ కథ చెప్పేవాడు. హీరో వాడే, విలన్ వాడే, గుర్రం కూడా వాడే.

నిరుడు పక్షవాతం వచ్చి వాడికి మాట పోయింది. ఈరోజు టీవీ ముందు మంచం మీదున్న వాడి పెదవులు గుర్రం సంగతి వినగానే కదిలాయి. మరదలు పక్కకి చేరి, "ఏటండీ? ఒక్క మాటనండి, సాలు" అని బతిమాలింది. వాడి కళ్ల వెంట నీళ్లు కారాయి.

చూడలేక టీవీ కట్టేసి, ఆ కథ నేనే చెప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి వాడు తల అడ్డంగా ఊపాడు.

"ఆపండి వదినా, హీరోని ముందే సంపేసినారు" అని మరదలు నవ్వబోయి ఏడ్చేసింది.

మళ్లీ దేవుడి ముందు కూర్చున్నాను.

మీలో ఎవరికైనా సినిమా కథ చెప్పడం వస్తే మా ఇంటికి రండి. తప్పు చెప్తే తల ఊపడానికి మావాడున్నాడు.