వాన ఎంతని అడగని పొద్దు

మొన్న పొద్దున నడకలో మా కాలనీలో ఉండే కాలేజీ లెక్చరర్ ఒకాయన నన్ను ఆపి, పిల్లలకు రోజూ ఒక పేజీ రాసే అలవాటు చేయిద్దామనుకుంటున్నామనీ, రోజూ రాస్తే మనిషి తన్ను తాను తెలుసుకుంటాడంటారు కదా, మీరు ఇరవై అయిదేళ్ళుగా ఒక్కరోజు తప్పకుండా రాస్తున్నారని విన్నాననీ, వచ్చి ఒక అరగంట మాట్లాడమనీ అడిగాడు. మోకాళ్ళ నొప్పులని చెప్పి తప్పించుకున్నాను. నొప్పులు నిజమే గాని, అరగంట కుర్చీలో కూర్చోలేనంత కాదు. ఆయన చెప్పిన మాట అబద్ధమైతే వెళ్ళి కాదని వాదించి వచ్చేవాణ్ణి, నాకు ఆ దురద కొంచెం ఎక్కువే. ఆ మాట నిజం కావడంతోనే చిక్కు వచ్చింది. నన్ను నేను తెలుసుకున్నాను, కానీ ఆ తెలుసుకున్న సంగతి పదహారేళ్ళ పిల్లల ముందు చెప్పేది కాదు. నా ఈడువాళ్ళు, కరువును పేపర్లో కాకుండా కంచంలో చూసినవాళ్ళు, మీకైతే చెప్పగలను.

తొంభైల చివర, కదిరికి దగ్గరలో ఒక మండల కేంద్రంలో, సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. ఆఫీసు వెనకాల ముళ్ళతీగ కంచె మధ్య వాన కొలిచే డబ్బా ఒకటి ఉండేది, పైన గరాటు, లోపల సీసా. పొద్దున ఎనిమిదిన్నరకు ఆ సీసా తీసి, అందులో చేరిన నీళ్ళను గీతల గ్లాసులోకి వంచి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి రిజిస్టరులో రాసి, జిల్లా ఆఫీసుకు ఫోను చేసి చెప్పాలి. ఆదివారం లేదు, పండగ లేదు కనుక ఎవరికీ ఇష్టం లేని పని అది, అందుకే కొత్తగా చేరినవాడి నెత్తిన పడింది. పేరుకు వాన కొలవడమే గాని, మా సీమలో అది చాలా మటుకు దుమ్ము తుడవడమే. నెలల తరబడి ఆ గరాటులో వేపాకులు, సాలెగూడు, ఒకసారి కందిరీగ కట్టుకున్న మట్టిగూడు తప్ప ఇంకేమీ కనపడేది కాదు. అయినా ఎండిపోయిన సీసాను సైతం తీసి వంచి చూడాలి, అది రూలు. వంచి చూసి సున్నా వేసేవాణ్ణి. సున్నా కింద సున్నా, దాని కింద మరో సున్నా, అలా పేజీ అడుగుదాకా వచ్చి మళ్ళీ కొత్త పేజీ మీద మొదలుపెట్టేవాణ్ణి.

ఆ రిజిస్టరులో చివరన 'విశేషాలు' అని ఒక గడి ఉండేది. విసుగెత్తి ఒకనాడు ఆ గడిలో, పడమట మబ్బు పట్టింది, గాలికి పోయింది అని రాశాను. మర్నాడు, గొర్రెల మంద ఒకటి రోడ్డు దాటి దక్షిణానికి పోయింది, కాపరి వెంట భార్యాబిడ్డలు కూడా ఉన్నారు అని రాశాను. వారం తిరక్కుండానే మా పై అధికారి పిలిచి, అవన్నీ ఎర్ర ఇంకుతో కొట్టేసి, "ఏమప్పా, దీన్ని సర్కారు రిజిస్టరు అనుకుంటివా, నీ పెండ్లి పత్రిక అనుకుంటివా?" అని నలుగురి ముందు కడిగేశాడు. నాకు రోషం వచ్చింది. ఆ సాయంత్రమే బస్టాండు పక్క అంగట్లో ఒక లాంగు నోటుబుక్కు కొన్నాను. నేను రాయడం మొదలుపెట్టింది రోషంతోనే గాని, ఏ గొప్ప ఆశయంతోనూ కాదు.

పొద్దున రిజిస్టరులో సున్నా వేయడం, ఫోను చేయడం, ఆ తర్వాత కంచె పక్కన వేపచెట్టు కింద రాయి మీద కూర్చుని నోటుబుక్కులో నాలుగైదు వాక్యాలు రాయడం, ఇదీ నా దినచర్య. నిన్న రాసింది ఈరోజు మళ్ళీ రాయకూడదని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. ఏమీ జరగని ఊళ్ళో, వాన పడని ఊళ్ళో రోజుకొక కొత్త సంగతి కావాలంటే కళ్ళు తెరవక తప్పదు. బోరుబండి వచ్చిన ఊరిలో జనం నీళ్ళ కోసం ఎదురుచూడరనీ, పైకి లేచే దుమ్ము రంగు మారుతుందేమోనని గంటల తరబడి దాన్నే చూస్తూ నిలబడతారనీ అప్పుడే గమనించాను. బెంగళూరు బస్సు పైన మూటల మధ్య రోలు కూడా కట్టి ఉందంటే, ఆ కుటుంబం ఇప్పట్లో తిరిగి రాదని తెలిసింది. పుట్టి పెరిగిన నేలను అంతవరకు నేను చూడనేలేదని సిగ్గు పడ్డాను, ఇప్పుడు చూస్తున్నాను కదా అని పొంగిపోయాను కూడా. ఆఫీసులో నన్ను 'సున్నాల పంతులు' అని ఎగతాళి చేసేవారు, నాకు లోలోపల అది కూడా బాగానే ఉండేది.

ఇక్కడ చిన్నాయన సంగతి చెప్పాలి. నాకు ఊహ తెలియకముందే మా అమ్మా నాయనా పోతే, నన్ను సాకింది చిన్నాయనా చిన్నమ్మానే. వాళ్ళకు పిల్లలు లేరు. ఆరెకరాల ఎర్రనేలలో వేరుశనగ తప్ప ఇంకో పంట ఎరగని మనిషి ఆయన, వేలిముద్ర నుంచి సంతకం దాకా మాత్రమే తాను వచ్చి, నన్ను డిగ్రీ దాకా నడిపించాడు. నాకు ఉద్యోగం వచ్చిన ఊరికి వాళ్ళ పల్లె రెండు మైళ్ళు. రోజూ పొద్దున పాలు తెచ్చి ఆఫీసు ఎదుటి టీ అంగట్లో పోసి, ఖాళీ క్యాను పట్టుకుని కంచె దగ్గరికి వచ్చి, "ఎంత పడిందిరా?" అని అడిగేవాడు. పైన ఆకాశం నిప్పులు చెరుగుతున్నా అడిగేవాడు. సున్నా చిన్నాయనా అంటే, "సరేలే, రేపు సూద్దాం" అని నవ్వుకుంటూ పోయేవాడు. మొదట్లో అది వేళాకోళం, పోనుపోను అలవాటు. ఆ తర్వాత నాకు తెలియకుండానే ఆ ప్రశ్న వినందే పని మొదలైనట్టు ఉండేది కాదు.

మా వైపు వాన ఎద్దు కొమ్ము ఒకటి తడిపి రెండోది తడపదని అంటారు. వరసగా రెండేళ్ళు చిన్నాయన విత్తనం వేశాడు, రెండేళ్ళూ అది నేలలోనే మాడిపోయింది. మూడో ఏడు విత్తే పదును కోసం కాచుకుని ఉండగా, ఒక పొద్దున నా సీసా సగానికి నిండి ఉంది. సంబరంగా గ్లాసులోకి వంచుతుంటే చిన్నాయన వచ్చాడు. వాళ్ళ పల్లెలో తుంపర కూడా లేదు. ఆ గ్లాసును నా చేతిలోంచి తీసుకుని ఎండకు ఎత్తి చూసి, "ఈడిదాకా వచ్చింది గదా, ఇంగ రెండు మైళ్ళు నడిసి ఆడికి రాలేకపోయిందా ఇది?" అని నా చేతికిచ్చాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ మాటను తేదీ వేసి మరీ నోటుబుక్కులో రాసుకున్నాను, ఇంత మంచి మాట దొరికినందుకు ఆ రోజంతా ఉత్సాహంగా ఉన్నాను.

తర్వాత పది పన్నెండు రోజుల్లో చిన్నాయన గురించి మూడుచోట్ల రాశాను. మొదటిది, చిన్నాయన విత్తనం వేసే గొర్రును పక్క చేను రైతుకు ఇచ్చేశాడు, మళ్ళీ ఎప్పుడు తెచ్చుకుంటావంటే నవ్వి ఊరుకున్నాడు అని. విత్తే కార్తె వెళ్ళిపోకముందే రైతు గొర్రు వదులుకోవడం మా సీమలో ఎవరూ చేయని పని, అందుకే వింతగా తోచి రాశాను. రెండోది, ఆయన కాలి చెప్పు తెగితే ఎదురుగా ఉన్న అంగట్లో కుట్టించుకో చిన్నాయనా అన్నాను, "ఇంగెంత దూరం నడిసేది, ఇదే సాలు" అన్నాడు అని. మూడోది రాసిన పొద్దు నాకు బాగా గుర్తు. వేపచెట్టు కింద కూర్చుని రాస్తున్నాను, చిన్నాయన క్యానుతో వచ్చి కంచె అవతల నిలబడ్డాడు. రోజూ అడిగే మాట అడగలేదు. నేను తలెత్తకుండానే అది గమనించాను, గమనించినందుకు నన్ను నేను మెచ్చుకుంటూ, ఈరోజు చిన్నాయన వాన ఎంతని అడగలేదు అని రాశాను. దాని కింద ఇంకొక వాక్యం ఉంటే బాగుంటుందనిపించింది. ఆకాశం మీద ఆయనకు కోపం వచ్చినట్టుంది అని రాసి, కోపం కొట్టేసి, విసుగు అని పెట్టి, అదీ నచ్చక చివరికి 'అలక' అని రాశాను. ఆకాశం మీద ఆయనకు అలక వచ్చినట్టుంది. భలే కుదిరిందని మురిసిపోయి తలెత్తేసరికి కంచె దగ్గర ఎవరూ లేరు.

మర్నాడు నేను సీసా వంచి చూస్తుండగా పల్లె నుంచి మనిషి వచ్చాడు. చిన్నాయన చేనులో పడి ఉన్నాడని చెప్పాడు, తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఆ వివరాలు నేను రాయలేదు, ఇప్పుడూ రాయను. ఆ ఏడు మా చుట్టుపక్కల అలా పోయినవాడు ఆయన ఒక్కడే కాదు. వచ్చినవాళ్ళంతా ఒకటే అన్నారు, నిన్నటిదాకా నవ్వుతా ఉన్నాడే, ఎవరికీ ఒక్క ముక్క చెప్పకుండా పోయినాడే అని. నేను కూడా ఏడుస్తూ అదే అన్నాను.

కర్మలు అయ్యాక డ్యూటీకి వచ్చి, అలవాటు చొప్పున రాయి మీద కూర్చుని, ఎక్కడ ఆపానో చూద్దామని పేజీలు వెనక్కి తిప్పాను. గొర్రు, చెప్పులు, అడగని ప్రశ్న, మూడూ నా అక్షరాల్లోనే ఉన్నాయి. ఎవరికీ చెప్పకుండా పోయాడన్నది అబద్ధం. నాకు చెప్పాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. నేను అన్నీ చూశాను, అన్నీ అందంగా రాసుకున్నాను, రాసుకుని ఆఫీసులోకి పోయి ఫ్యాను కింద కూర్చున్నాను. ఏమైంది చిన్నాయనా అని ఒక్క మాట అడగలేదు, రెండు మైళ్ళు నడిచి ఒక్క సాయంత్రం ఆ ఇంటికి పోలేదు. రాయడం వల్ల నాకు కళ్ళు వచ్చాయి గాని కాళ్ళు రాలేదు. ఎదుటివాడి బాధ నాకు బాధగా కాక వాక్యంగా వచ్చేదని, అది బాగా కుదిరితే నాకు తృప్తి కలిగేదని, నేను అలాంటి మనిషినని ఆ పొద్దు తెలిసింది. లెక్చరర్ గారు అడిగిన ఆత్మజ్ఞానం ఇదే.

దాన్ని అక్కడే పూడ్చేసి ఉందును, కానీ నెల తిరిగాక చిన్నమ్మ నా గదికి వచ్చింది. పలకరింపులు అయ్యాక కొంగుతో మొహం తుడుచుకుని, "నువ్వు దినామూ రాస్తాండావంట గదప్పా. మీ చిన్నాయన మాటలేమన్నా రాసినావా? ఆయన గొంతు మర్సిపోతానేమోనని బయమైతాండాది నాకు. సదువు, ఇంటా" అంది. ఆమెకు చదువు రాదు. ఏది చదివితే అదే ఉందనుకుంటుంది. రెండు మైళ్ళు నడవలేకపోయిన వాన సంగతి చదివాను, చిన్నమ్మ నవ్వి, నవ్వుతూనే ఏడ్చింది. పాత పేజీల్లోంచి ఇంకా కొన్ని చదివాను. తర్వాత గొర్రు ఉన్న పేజీ, చెప్పులు ఉన్న పేజీ కలిపి ఒక్కసారే తిప్పేశాను. ఆమె చూపు నా వేళ్ళ మీదే ఉంది. చివరి పేజీ మీద అరచెయ్యి పెట్టి, ఇంతే చిన్నమ్మా అన్నాను.

అప్పుడు ఆమె చెప్పింది. "కడా దినం నీతో ఏందో సెప్పాలనే వచ్చినాడప్పా. ఇంటికొచ్చి అన్నాడు, వాడు రాసుకుంటాండాడు, పిలిస్తే యాడ వాని పని సెడిపోతాదో అని నిలబడి నిలబడి వచ్చేస్తి అని. నాతో ఏమీ సెప్పలా, అన్నం గుడక తినలా." నా చేతి కింద ఉన్న పేజీని చూపించి, ఆ పొద్దు ఏమి రాస్తుంటివి అని అడిగింది. ఆ అడగడంలో నిష్ఠూరం లేదు. చదువుకున్న బిడ్డ ఏదో ముఖ్యమైన పనిలో ఉండి ఉంటాడనే నమ్మకం తప్ప మరేమీ లేదు. అబద్ధం చెప్పవచ్చు, జిల్లా ఆఫీసు లెక్కలని చెబితే నమ్మేది. చెయ్యి తీసి, రెండు వాక్యాలూ చదివాను. అలక అన్న మాట విని, ఆమె దాన్ని మెల్లగా ఒకసారి పలికి, తల అడ్డంగా ఊపి, "బాగనే రాసినావు. అలక గాదప్పా అది" అంది.

అంతకుమించి ఆమె నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. తిప్పేసిన రెండు పేజీలూ ఆ పొద్దే చదివి వినిపించాను. బతికినన్నాళ్ళూ వారానికోసారి వచ్చి అన్నీ చదివించుకుని పోయేది, ఆ చివరి పేజీతో సహా. చిన్నమ్మ పోయి కూడా ఇప్పటికి చాలా ఏళ్ళయింది. అలక అన్న ఆ మాటను నేను ఇంతవరకు కొట్టేయలేదు, దిద్దలేదు, దిద్దే హక్కు నాకు ఉందనుకోను.

ఇప్పుడు వానను యంత్రమే కొలుచుకుని, ఎవరూ సీసా వంచి చూడకుండానే తన లెక్క తానే పంపుకుంటుంది. రైతులు సెల్‌ఫోనులో చూసుకుంటారు, ఎవరినీ అడగనక్కరలేదు. అడిగేవాడు ఏ రోజు అడగడం మానేశాడో గమనించడానికి ఆ కంచె దగ్గర మనిషే లేడు. నేను మాత్రం రోజూ పొద్దున రాస్తూనే ఉన్నాను, మానేస్తే ఆ తప్పు నుంచి తప్పించుకున్నట్టవుతుందని రాస్తున్నాను. రాసేటప్పుడు వీధి తలుపు తీసే ఉంచుతాను, అడుగుల చప్పుడు వినపడితే వాక్యం ఎక్కడుంటే అక్కడే వదిలేసి లేస్తాను. పేజీల నిండా అలా సగంలో ఆగిపోయిన వాక్యాలే. లేచి వెళ్ళి చూస్తే పేపరువాడో, పక్కింటి అడ్రసు కావాలనేవాడో ఉంటాడు. ఏమైనా చెప్పాలని వచ్చావా నాయనా అని అడుగుతాను. లేదంటారు.