అక్క దాచిన ముద్రల డబ్బా

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే మధ్యలోనే లేచిపోయే మనిషిని నేను. చౌక్తడా పేటలో కోర్టుల దగ్గర రబ్బరు స్టాంపులు చేసే కొట్టులో పదహారేళ్ళుగా పనిచేస్తున్నాను. ఏ ముద్ర అసలుదో, ఏది దొంగదో చూసి చెప్పగలను. నేను నమ్మేది కళ్ళకు కనిపించినదాన్నే.

మా అక్క కాంతం బడిలో టీచరు. ఆమెకి ఒక విచిత్రమైన సరదా ఉండేది. కొందరు అడవుల్లో చిన్న డబ్బాలు దాస్తారు. లోపల ఒక నోటుబుక్కు, చేత్తో చెక్కిన ఒక ముద్ర ఉంటాయి. గుర్తులు పట్టుకుని వెతికినవాళ్ళు తమ ముద్ర ఆ పుస్తకంలో వేసి, డబ్బాను మళ్ళీ అక్కడే దాచేసి వస్తారు. అక్క కూడా ఊరికి ఉత్తరాన, లోగా చెరువు పక్క అడవిలో ఒకటి దాచింది. ప్రతి ఆదివారం నన్ను రమ్మనేది. నాకు ఎప్పుడూ ఏదో ఒక పని.

వానాకాలంలో జ్వరం వచ్చి అక్క పోయింది. ఏడాది తర్వాత ఆమె సామాను సర్దుతుంటే ఒక చీటీ దొరికింది. ఈ పరాయి దేశంలో నాన్న మా ఇద్దరికీ నేర్పిన తెలుగు అక్షరాల్లోనే రాసుకుంది. 'చెక్క వంతెన దాటి కుడి దారి. జంట పడౌ చెట్ల వెనక, రాళ్ళ కింద.'

ఆ డబ్బా వెతికి తీరాలనిపించింది. శనివారం కొట్టులో మిగిలిన రబ్బరు ముక్క మీద పిచ్చుకను చెక్కాను. చాకు జారి రెక్క మీద అడ్డంగా గాటు పడింది. అలాగే ఉంచేశాను. సిరా కూడా అద్దలేదు.

చిమిండైంగ్ పేట నుంచి మా బావ, అంటే అక్క భర్త, తోడొచ్చాడు. మొదటి ఆదివారం జలగలు పట్టుకున్నాయి, వెనక్కి వచ్చేశాం. రెండో ఆదివారం వంతెన దొరికింది కానీ కుడి దారి పొదల్లో కలిసిపోయింది. బావ నీరసపడ్డాడు.

"వానకి కొట్టుకుపోయుంటాది సుగుణా. ఇంక ఒగ్గీ."

"దొరికేదాకా ఒగ్గను బావా."

మూడో ఆదివారం కత్తి పట్టుకెళ్ళి పొదలు నరుక్కుంటూ నడిచాను. పదిన్నరకి జంట చెట్లు కనిపించాయి. రాళ్ళ కింద టిఫిన్ డబ్బా. మూత చుట్టూ నాలుగు వరసల టేపు, ఎక్కడా తెగలేదు. బావే కోశాడు. ప్లాస్టిక్ సంచిలో పుస్తకం పొడిగా ఉంది.

మొదటి పేజీలో అక్క ముద్ర, చిన్న పడవ. దాని పక్కన ఒక పిచ్చుక. రెక్క మీద అడ్డంగా గాటు. రెండు ముద్రల సిరా ఒకేలా వెలిసిపోయింది. కింద అక్క చేతిరాత: 'ఈరోజు చెల్లి కూడా వచ్చింది.' మిగతా పేజీలన్నీ ఖాళీ.

అక్క ఆస్పత్రిలో చేరడానికి తొమ్మిది రోజుల ముందు తేదీ వేసి ఉంది. ఆ ఆదివారం నాకు బాగా గుర్తు. అక్క ఫోన్ చేస్తే అర్జెంటు పని ఉందని విసుక్కున్నాను. చీకటి పడేదాకా కొట్టులోనే ఉన్నాను.

నా సంచిలోంచి ముద్ర తీసి, సిరా అద్ది, ఆ పిచ్చుక కిందే వేశాను. ఫోన్లో ఫొటో తీసుకున్నాను. మర్నాడు కొట్టులో రెండు పిచ్చుకల్నీ పెద్దవి చేసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. గాటు దగ్గర వెంట్రుకవాసి తేడా కూడా లేదు. చేత్తో చెక్కిన ముద్రలు రెండు అలా కలవడం నేనెప్పుడూ చూడలేదు.

అంతకుముందు అడవిలోనే, బావ ఆ పేజీలో తేదీ మీద వేలు పెట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఆ రోజు నువ్వు ఎల్లలేదేటి?"

"లేదు బావా."

"మరి ఇంటికొచ్చి సెల్లితో ఎల్లానని సెప్పిందే. దారంతా నవ్వించావంట."

పుస్తకం ఇంటికి తీసుకెళ్దామని బావ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. డబ్బాకి కొత్త టేపు చుట్టి, రాళ్ళ కిందే పెట్టి వచ్చాను.

నేను వెళ్ళలేదు, అది మాత్రం నిజం. ఆ రోజు అక్క పక్కన నడిచి, అంతగా నవ్వించింది ఎవరో నాకు తెలియదు.