తాయెత్తు కింద పుండు

స్టేషన్ ఘన్‌పూర్‌లో మా అన్నకు స్టీలు రెయిలింగుల షాపు ఉంది. గొట్టాలకు మెరుగు పెట్టేది నేను. ఆ పని తప్ప నాకు మరొకటి రాదు. మెషీన్ నుంచి లేచిన పొడి చెమటలో కలిసి మణికట్ల దాకా అంటుకునేది. మొదట దురద, తర్వాత నీటి పొక్కులు, ఆ తర్వాత పగుళ్లు. గజ్జి అనుకుని గిరాకులు నేనిచ్చిన నీళ్ల గ్లాసు ముట్టేవారు కాదు. నాకు ఒళ్లు మండిపోయేది.

అన్న నర్సింహులపేట వైపు ఒక ముసలాయన దగ్గర తాయెత్తు తెచ్చి నా కుడి చేతికి కట్టాడు. తళతళలాడే గొలుసు, దానికో చిన్న డబ్బీ. మాంసం, కల్లు ముట్టకూడదని పత్తెం. నాలాంటి తిండిపోతుకు అంతకంటే శిక్ష ఏముంటుంది? అయినా నోరు కట్టుకున్నాను. కొన్నాళ్లకు సరిగ్గా ఆ గొలుసు కిందే చర్మం పుండై రసి కారడం మొదలైంది.

అది చూసి అన్నకు పిచ్చి కోపం వచ్చింది.

"కల్లు తాగినవ్ కదరా! పత్తెం తప్పినవ్!"

"నీ మీద ఒట్టు అన్నా, తాగలే."

నమ్మలేదు. గొట్టం ముక్క అందుకుని భుజం మీద కొట్టాడు. నేను కాలర్ పట్టి షట్టర్‌కేసి గుద్దాను. అన్న పెదవి చిట్లింది. మళ్లీ గొట్టం లేచింది. వీపు పగిలినట్టయి ఇనుప తుక్కులో బోర్లా పడ్డాను. షాపు వెనక ఇంట్లోంచి వదిన ఉరికొచ్చి మధ్యలో నిలబడింది.

"సంపుతవా ఏంది? దవాఖానకు తోల్కపో!"

వరంగల్‌లో చర్మం డాక్టరు, వాతలు లేని చోటు వెతికి మరీ వీపుకు రకరకాల లోహాల పట్టీలు అంటించాడు. రెండు రోజులకు పిలిచి చూస్తే ఒక పట్టీ కింద ఎర్రగా ఉబ్బింది.

"ఇది గజ్జి కాదు, ఎవరికీ అంటదు. నికెల్ నీకు పడదు. ఆ స్టీలు పొడిలో ఉన్నది అదే, ఈ గొలుసు పూతలో ఉన్నదీ అదే. ఇక ఈ పని మానేయాలి."

డాక్టరు గదిలోంచి బయటికి రాగానే అన్న నసిగాడు. "నీ మంచికే కట్టిన గదరా."

ఆ మాటకు నా నెత్తురు మరిగింది. కొట్టడానికి చెయ్యెత్తాను. అన్న పక్కకు జరగలేదు. పిడికిలి బిగించబోతే, అప్పటికి మరీ ముదిరిన పగుళ్లతో కణుపుల దగ్గర చర్మం చిట్లి నెత్తురు కారింది కానీ వేళ్లు ముడుచుకోలేదు.

"పిడికిలి గూడ వడ్తలేదారా?" అంటూ అన్న నడి వరండాలో భోరుమన్నాడు. నేను ఓదార్చలేదు.