కోల్డ్ స్టోరేజీలో చెప్పించిన అబద్ధం

2022, దసరా మరునాడు. ఎనుమాముల మిర్చి మార్కెట్ దగ్గరి ఒక కోల్డ్ స్టోరేజీ నుంచి ఫోన్ వచ్చింది. మూలపడ్డ కంప్యూటర్లను మళ్లీ నడిపించడం నా వృత్తి. యజమాని సాంబయ్య సేటు ఆయుధ పూజకు కంప్యూటర్‌కు బొట్లు పెట్టి, కొబ్బరికాయ దాని నెత్తినే కొట్టాడట. నేను వెళ్లి చూస్తే, నీళ్లు దిగి బోర్డు కాలిపోయి ఉంది.

"ట్రాక్టర్‌కు కొట్టినం, కాంటాకు కొట్టినం. దీన్నొక్కదాన్ని ఇడ్శిపెడ్తమా అక్కా?" అన్నాడు.

"ట్రాక్టర్ వానల తడుస్తది సేటూ. దీన్ని గూడ వానల పెడ్తవా?" అన్నాను.

గదుల చల్లదనం చూసి కంప్రెసర్లను నడిపేది ఆ కంప్యూటరే. చేత్తో నడిపే స్విచ్చి ఏనాడో చెడితే సేటు పట్టించుకోలేదు. లోపల రైతుల మిర్చి ఉంది. వేడి తగిలితే కాయ రంగు తిరుగుతుంది, ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టరు. ఏటూరునాగారం నుంచి వచ్చిన సమ్మక్క అనే రైతు తన ఏడాది పంట అందులోనే ఉందని మెట్ల మీద కూర్చుంది. నా చేతుల వంకే చూస్తోంది. అదే నాకు బరువుగా తోచింది.

పాత డిస్కు బతికే ఉంది. అందులోని ప్రోగ్రాంను కొత్త కంప్యూటర్లో పెడితే ఆర్కిటెక్చర్ వేరని మొండికేసింది. ఆర్కిటెక్చర్ అంటే ప్రాసెసర్ జాతి అనుకోండి. ప్రోగ్రాం 32 బిట్ కాలానిది, కొత్త యంత్రం 64 బిట్. పాత పనులన్నీ కొత్తది చేయగలదు. కానీ ఈ ప్రోగ్రాం ముందు జాతి అడుగుతుంది, నచ్చకపోతే గడప దాటదు. రాసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ కంప్యూటర్‌ను నడిపే లినక్స్ వ్యవస్థలో సెట్‌ఆర్క్ అనే ఆదేశం ఉంది. ప్రోగ్రాంను దానితో మొదలుపెడితే, అది అడిగినప్పుడు యంత్రం పాత పేరే చెబుతుంది. యంత్రం మారదు, జవాబు మారుతుంది.

అలా మొదలుపెట్టగానే తెర మీద గదుల చల్లదనం అంకెల్లో వచ్చింది. చేసిన కిటుకును సేటుకు కొంచెం గొప్పగానే చెప్పాను. సేటు మాత్రం వంగి తెర వంక చూసి, "పేరు అబద్ధం చెప్పిపిచ్చినవ్. రేపు సల్లదనం గూడ అబద్ధం చెప్తే ఎట్లక్కా?" అన్నాడు.

అది వేరు, ఇది వేరు అని చాలాసేపు వాదించాను. వాదనలో నేను ఓడను, కానీ మెట్ల మీద మనిషి వింటూనే ఉంది. ఆమె బస్తాలకు నా వాదన చలువ చేయదు. చివరికి సేటు శాలువా లాక్కుని, గాజు థర్మామీటర్ పట్టుకుని గదిలోకి వెళ్లాను. రెండు అంకెలూ కలిశాయి. కంప్రెసర్లు తిరిగి గది చల్లబడ్డాక మళ్లీ వెళ్లాను. అప్పుడూ కలిశాయి. సమ్మక్క వెనకే వచ్చి, బస్తాలోంచి ఒక కాయ తీసి విరిచి చూసింది.

"రంగున్నది," అంది.

బయటికి వచ్చేసరికి సేటు చేతిలో కొత్త కంప్యూటర్‌కని ఇంకో కొబ్బరికాయ. సమ్మక్క దాన్ని గుంజుకుని గడప దగ్గర కొట్టింది.

యంత్రం చేత అబద్ధం ఆడించడం ఇప్పటికీ నాకు తప్పనిపించదు. కానీ ఆడించినవాళ్లే ముందు చలిలోకి వెళ్లి చూసి రావాలి.