మరమరాల ఊరి అక్క

చిక్కడపల్లిలో నా చిన్నప్పుడు, ఒక ఎండాకాలం, ఒంటి నిండా అమ్మవారు పోసిందని నన్ను వెనక గదిలో పడుకోబెట్టారు. కిటికీ మూసేశారు. వేపాకుల మీద పడుకుని, గోక్కోకుండా చేతులు ముడుచుకుని, గల్లీలో పిల్లల ఆటల చప్పుడు వింటూ ఏడ్చేదాన్ని.

నా దగ్గరికి వచ్చింది మేడమీద గదిలో కిరాయికుండే అక్క ఒక్కతే. తనకు చిన్నప్పుడే పోసిపోయిందట. సర్కారు నౌకరి పరీక్షలకు చదువుతూ రోజూ అశోక్‌నగర్‌కు కోచింగ్‌కు వెళ్లేది. వేపరెమ్మతో విసురుతూ వాళ్ల ఊరి ముచ్చట్లు చెప్పేది. చుట్టూ వరిపొలాలు, ఇంటింటికీ ఒక బట్టీ. వేడి ఇసుకలో బియ్యం పోసి కలిపితే చిటపటమంటూ మరమరాలు పొంగుతాయట. నారాయణగూడ దుకాణాలకు కూడా తమ ఊరి మరమరాలే వస్తాయని గర్వంగా చెప్పేది. కానీ బడి నుంచి రాగానే బట్టీ ముందు కూర్చోవాల్సిందే. "ఆ మంట ముంగట కూసుంటే లోకం గంతే అనిపిచ్చేది" అంది ఒకసారి.

ఒక మధ్యాహ్నం అక్క గబగబా నా గదిలోకి వచ్చి తలుపేసుకుంది. ఆమె పరీక్ష పోయిందని తెలిసి, తీసుకుపోవడానికి వాళ్ల నాన్న వచ్చాడు. అమ్మవారు పోసిన గదిలోకి పరాయివాళ్లు రాకూడదని మా అమ్మ ఆయన్ని బయటే ఆపింది.

"సామాను సదురు బిడ్డా. సదివింది సాలు. బట్టీ కాడ మీ అమ్మ ఒక్కతే అయింది" అన్నాడాయన తలుపు అవతలి నుంచి. గొంతు బాగా అలసిపోయి ఉంది.

అక్క నా మంచం పక్కన గోడకానుకుని కూర్చుంది. గదిలో గాలి లేదు. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి.

"ఆయన పోయేదాకా ఈడనే ఉండక్కా" అన్నాను మెల్లగా.

అక్క నన్నూ, మూసిన కిటికీనీ చూసింది. "నిన్నంటే పెద్దోళ్లు పండవెట్టిండ్రు. నన్నెవరు మూసిండ్రు చెల్లె? నేనే గదా" అని లేచి, మొహం తుడుచుకుని తలుపు తీసింది.

"నాయినా, నేనిప్పుడు వస్తలేను. ఇంకోపారి రాస్త. అదీ పోతే నా అంతట నేనే వస్త. నువ్వు రావద్దు."

గొంతు పెంచలేదు. ఆయన తెచ్చిన మరమరాల మూట గడప దగ్గర పెట్టి, "పైలం బిడ్డా" అని ఒక్కడే బస్సుకు వెళ్లిపోయాడు. ఆయన గల్లీ దాటాక అక్క వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ తర్వాతి పరీక్షా పోయింది. అన్న మాట ప్రకారం ఆమే సామాను సర్దుకుని ఊరికి వెళ్లింది. మళ్లీ చూడలేదు.

ఇప్పుడు నాకు తల నెరిసింది. కష్టమైన మాట చెప్పాల్సి వస్తే ఇంకొకరితో చెప్పించను. వెళ్లి, ఆ మనిషి ముందు నిలబడి, నెమ్మదిగా నేనే చెబుతాను. కొన్నిసార్లు ఓడిపోయే తిరిగి వస్తాను. అయినా ఇంట్లో వాళ్ల ముఖాల్లోకి చూస్తూ అన్నం తినగలుగుతాను.