మా ఊరి తియ్యటి మట్టి

ఈ సంగతి ఇంత ఆలస్యంగా రాయడానికి రెండు కారణాలున్నాయి. నలభై ఏళ్ళు దాటేదాకా నాకు అక్షరం ముక్క రాదు. వచ్చాక కూడా, విమలమ్మగారి గురించి రాయాలంటే నా కూతురు రమణ మట్టి తిన్న సంగతి రాయాలి కాబట్టి, అది నొచ్చుకుంటుందని ఆగాను. మొన్న పంజగుట్టలో పైపుల కోసం రోడ్డు తవ్వారు. వాన పడి ఆ మట్టి వాసన బస్టాపు దాకా కొట్టింది. నా నోట్లో నీళ్ళూరాయి. పక్కనే ఉన్న రమణ నా ముఖం చూసి, "నాకూ ఊరాయిలే అమ్మా. ఆమె సంగతి రాయి. నా పేరు పెట్టే రాయి" అంది.

మాది గని ఊరు. సీసం తవ్వేవారు. గని మూతపడినా, రాయి నూరి సీసం తీసుకోగా మిగిలిన బూడిదరంగు మట్టి ఊరి పక్కన కొండలా మిగిలిపోయింది. పిండిలా మెత్తగా ఉంటుంది, ఎండలో మెరుస్తుంది. దానితోనే పొయ్యి అలికేవాళ్ళం, గిన్నెలు తోమేవాళ్ళం. ఆడపిల్ల నెల తప్పితే ఆ మట్టి తినడం మా దగ్గర ఆనవాయితీ. అందరి మట్టీ చప్పగా ఉంటుంది, మా మట్టి ఒకింత తియ్యగా ఉంటుంది. దాన్ని గొప్పగా కూడా చెప్పుకునేవాళ్ళం.

నా భర్త పోయాక రమణ, అల్లుడు, మనవడు శీనుతో కలిసి అమీర్‌పేట వచ్చాను. అవి కంప్యూటర్ కోర్సుల కోసం ఊళ్ళకు ఊళ్ళు అక్కడికి తరలివచ్చిన రోజులు. గోడ కనబడకుండా బోర్డులు, ప్రతి సందులో హాస్టళ్ళు. ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరాను. ఊరికి వెళ్ళినప్పుడల్లా ఒక సంచి మట్టి తెచ్చుకునేదాన్ని. హాస్టలు పళ్ళేలు తోమేది దానితోనే. రమణ రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు తిన్నదీ ఆ సంచిలోదే. శీనుకు నాలుగేళ్ళు దాటినా మాట సరిగా రాలేదు. తరచూ కడుపు పట్టుకుని మెలికలు తిరిగేవాడు. దిష్టి తీసి పడుకోబెట్టేవాళ్ళం.

విమలమ్మగారు మా ఎదురింటి మేడ మీద ఉండేవారు. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. సందులో ఎవరికి ఇంజెక్షన్ కావాలన్నా ఆమే. ఒకరోజు శీనును చూడటానికి వచ్చి, గుమ్మంలో కూర్చున్న రమణ దగ్గర ఆగారు.

"ఏం నములుతున్నవ్ బిడ్డా? నాకు సుత జర పెట్టు."

రమణ సిగ్గుపడి కొంగుముడి విప్పి చూపించింది. ఆమె చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య రుద్దారు. వేళ్ళు మెరిశాయి.

"గిది ఏడికెల్లి తెచ్చిండ్రు?"

"మా గని దిబ్బదండీ," అన్నాను. "తియ్యగా ఉంటుంది."

"గా గనిల ఏం దీస్తుండిరి?"

"సీసం."

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన చతికిలబడ్డారు. "తియ్యగ ఎందుకుండదు? సీసం తియ్యగనే ఉంటది. గదే దాని మోసం. తిన్నది తిన్నట్టు బయటికి పోదు సుబ్బులూ. బొక్కలల్ల, అదే ఎముకలల్ల, దాసుకుంటది. ఆడికెల్లి కడుపుల బిడ్డకు పోతది."

నాకు కోపం వచ్చింది. "మా అమ్మ తిన్నది, నేనూ తిన్నాను. మాకేమైందండీ?"

"మీ అమ్మ కన్నోళ్ళల్ల ఎంతమంది బతికిండ్రు?"

మా ఇంట్లో బతికినవాళ్ళ కంటే పూడ్చినవాళ్ళే ఎక్కువ.

మర్నాడే ఆమె రమణనూ శీనునూ పంజగుట్ట ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించారు. ఇద్దరి రక్తంలోనూ సీసం ఉంది. ముందు ఆ మట్టి ఇంట్లో లేకుండా చేయండి, మందు సంగతి తరవాత అన్నారు డాక్టరు. ఇంటికి రాగానే సంచి మోసుకెళ్ళి సందు చివర గుంతలో పోయబోయాను. విమలమ్మగారు నా జబ్బ పట్టుకున్నారు.

"ఆడ పిల్లలు ఆడ్తరు. నీ మనుమని నోట్లకెల్లి తీసి ఇంకొకని నోట్ల పోస్తవా?"

సంచినీ, హాస్టల్లో ఉన్న మట్టినీ మూత బిగుసుకునే డబ్బాలో పెట్టించారు. తడిగుడ్డతో గది మూలమూలలూ తుడిపించారు. చీపురు పడితే దుమ్ము లేచి మళ్ళీ శీను నోట్లోకే పోతుందని దాన్ని ముట్టనివ్వలేదు. రమణకు నాలుక పీకినప్పుడల్లా వేయించిన శనగలు పెట్టేవారు. "ఏడువు బిడ్డా, తిట్టు నన్ను. మట్టి మాత్రం ముట్టకు" అనేవారు. రమణ నిజంగానే తిట్టింది. ఆమె నవ్వుతూ శనగలు అందించారు.

రమణకు ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువే కానీ గట్టిగా ఏడ్చింది. శీను కడుపునొప్పి తగ్గింది. మాట మాత్రం మెల్లగా, చాలా ఏళ్ళకు గానీ కుదురుకోలేదు. పోయినదంతా తిరిగిరాదని విమలమ్మగారు ముందే చెప్పారు, అబద్ధపు ధైర్యం ఇవ్వలేదు.

అంతటితో ఆమె వదల్లేదు. "మీ ఊర్ల ఇంక తింటనే ఉన్నరు కదా?" అన్నారు. నోటిమాట నాలుగు రోజులు కూడా నిలవదని, దిబ్బ దగ్గర రాయించాలని ఆమె పట్టు.

"మా ఊరి ఆడాళ్ళకు చదువు రాదండీ."

"పిల్లలకొస్తది. వాళ్ళే అమ్మలకు చదివి చెప్తరు. రాసేది నువ్వే. నేను రాస్తే పట్నపామె రాసిందంటరు."

అలా నాకు పలక వచ్చింది. హాస్టల్లో మధ్యాహ్నం వంట సర్దుకున్నాక వాళ్ళ మేడ మీద కూర్చునేదాన్ని. అందరూ అమ్మ, ఆవుతో మొదలుపెడతారు. నాకు ఆమె మొదట నేర్పింది, 'ఈ మట్టి తినొద్దు. దీనితో గిన్నెలు తోమొద్దు. పిల్లల్ని ఆడనివ్వొద్దు.' వేళ్ళు వంగక పలక పక్కన పెట్టేస్తే, "ఫికర్ చెయ్యకు, దిబ్బ యాడికి పోదు" అని మళ్ళీ చేతికిచ్చేవారు.

చేయి కుదిరాక ఇద్దరం మా ఊరు వెళ్ళాం. సాయంత్రం మా అన్న ఇంటి అరుగు మీద ఆడవాళ్ళు పోగయ్యారు. నేను చెప్పింది విని మా వదిన మూతి తిప్పింది.

"హైదరాబాదు నీళ్ళు తాగేసరికి మా మట్టి చేదైందా ఏంటి? ఇది విషమని రాస్తే రేపు మన పిల్లల్ని ఎవరు చేసుకుంటారు? నువ్వు రాయి, నేను పేడనీళ్ళు కొట్టి చెరిపేస్తా."

విమలమ్మగారు తొణకలేదు. "చెరుపు చెల్లే. మళ్ళ రాస్తది. ఇప్పుడు ఆమెకు రాసుడొచ్చు."

అరుగు చివర వదిన కోడలు నాగమణి కూర్చుని ఉంది. ఆమెకు ఐదో నెల. బుగ్గలో ఏదో చప్పరిస్తోంది.

విమలమ్మగారు ఇప్పుడు లేరు. ఆమె నుంచి నాకు మిగిలింది అక్షరాలొక్కటే కాదు. ఒకరు చెరిపేస్తామన్నంత మాత్రాన చేయి దించకపోవడం కూడా. రాసింది వదిన నిజంగానే చెరిపింది, నేను మళ్ళీ రాశాను. కానీ మొదటిసారి రాసిన ఆ పొద్దు నాకు వేరు.

అరుగు మీద ఆ మాటలైన మర్నాడు తెల్లవారుతూనే ఎర్రరంగు డబ్బా పట్టుకుని దిబ్బ దగ్గరికి వెళ్ళాను. దారిలో ఉన్న పెద్ద బండను తడిగుడ్డతో తుడిచి రాయడం మొదలుపెట్టాను. అక్షరాలు చిన్నా పెద్దా అయ్యాయి, రంగు కారింది. సగంలో ఉండగా నాగమణి గంప పట్టుకుని వచ్చింది.

"ఏం రాశావత్తా?"

వేలు పెట్టి ఒక్కో మాటా చదివి వినిపించాను. ఆమె దిబ్బ వైపు చూసింది, కడుపు మీద చెయ్యి వేసుకుంది. "అత్తమ్మ ఊరుకోదు" అంది.

"నన్ను తిట్టమను," అని గంప ఆమె చేతిలోంచి తీసుకున్నాను. నా కొంగున ఉన్న శనగలు ఆమె దోసిట్లో పోసి, మిగిలిన సగం రాయడానికి బండ వైపు తిరిగాను.