మెరిసే నట్లు, మామగారి మాట

పెళ్లయిన కొత్తలో గవర్నర్‌పేటలో మెరిసే వీల్ నట్లు కొని, మా కారుకి నేనే బిగించాను. మర్నాడు ఆ సంగతి గొప్పగా చెబుతూ పాస్టరైన మా మామగారిని ప్రార్థన కూటానికి తీసుకెళ్తుంటే, హనుమాన్ జంక్షన్ దాటాక ముందు చక్రం దడదడలాడింది.

"అల్లుడుగారూ, కారాపండి," అన్నారాయన.

"రోడ్డు బాలేదండీ," అన్నాను. రోడ్డు బాగానే ఉంది.

అంతలో చక్రం ఊడి పొలంలోకి దొర్లిపోయింది. కారు రోడ్డును గీసుకుంటూ వెళ్లి ఆగింది. ఇద్దరికీ దెబ్బల్లేవు.

వచ్చిన మెకానిక్, "ఈ నట్ల మూతి చదునుగా ఉందండీ. మీ చక్రానికి ఏటవాలువి పడాలి. వీటిని ఎంత బిగించినా వదులైపోతాయి. ఎవరండీ వేసింది?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మామగారు, "ఎవరో తెలియనివాడు నాయనా," అన్నారు.

నా పరువు కోసం పాస్టరుగారు అబద్ధమాడారని పదేళ్లు బాధపడ్డాను. తెలియనివాడంటే అజ్ఞాని అని కూడా అర్థమని మొన్ననే తట్టింది.